ప్రహ్లాదుడి బడి దగ్గర నలభై నిమిషాలు

ఎగువ అహోబిలం గుడి వెనక మెట్లు దిగి భవనాశిని వంకలో మొదటి గుండు మీద కాలు పెట్టేసరికి ఉదయం 6:50 అయింది. పదో తరగతి పిల్లలు 32 మంది, పెద్దవాళ్ళం ఐదుగురం, దారి చూపడానికి ఒక చెంచు యువకుడు. జనవరి ఆఖరి వారం, గురువారం. మార్చి మధ్యలో పబ్లిక్ పరీక్షలు. ఆ తర్వాత ఈ 32 మందీ మళ్ళీ ఒకచోట కూర్చోరు. కొందరు కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళకు, కొందరు పాలిటెక్నిక్‌కి, ఒకరిద్దరు పొలానికి. అంతకు ముందు వాళ్ళను ఈ అడవిలో నలభై నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టడానికే ఈ నడక.

పరీక్షలయ్యాక తీసుకెళ్ళొచ్చు కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఏప్రిల్లో నల్లమల ఆకు రాల్చేసి ఉంటుంది, వంకలో నీళ్ళు మడుగులకు పరిమితమవుతాయి, పది గంటలకే బండలు కాలతాయి. ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్స్. ఫాల్గుణం వస్తే బ్రహ్మోత్సవాల జనం. కాబట్టి సంక్రాంతికీ ప్రీ-ఫైనల్స్‌కీ మధ్య దొరికే రెండు మూడు వారాలే మనవి. అందులోనూ శని ఆదివారాలు, స్వాతి నక్షత్రం ఉన్న రోజు తీసేయాలి. స్వాతి నరసింహుడి జన్మ నక్షత్రం, ఆ రోజు పైనున్న జ్వాలా నరసింహుడి గుడి మెట్ల మీద నిలబడటానికి చోటుండదు. పంచాంగం చూడకుండా తేదీ ఖాయం చేసుకుని వెనక్కి తిరిగిన బృందాలు ఉన్నాయి.

సంక్రాంతి దాటాక ఇంకో సంగతి ఉంది. ఉత్సవమూర్తులు పారువేటకని కొండ దిగి పల్లకిలో ఊళ్ళ మీదికి వెళతారు. తన పెళ్ళికి తానే పిలుచుకోవడానికి స్వామి నలభై రోజులకు పైగా తిరుగుతాడని ఇక్కడివాళ్ళ మాట. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు, మిగతా సీమకు ఓబులేశుడు. మా హాజరుపట్టీలో ఏ ఏడు చూసినా ఓబులేసులో ఓబులమ్మలో ఒకరిద్దరు ఉంటారు.

సామాను దగ్గరే సగం ప్రయాణం గెలవడమో ఓడటమో జరుగుతుంది. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ళు, ఒకే పెద్ద సీసాలో కాదు, లీటరు సీసాలు రెండు. ఒకటి జారి వంకలో పడినా రెండోది ఉంటుంది. నిమ్మకాయ పులిహోర, చపాతీలు, వేరుశనగ చిక్కీ నాలుగు ముక్కలు, ఒక బత్తాయి. పెరుగన్నం వద్దన్నాం, మధ్యాహ్నానికి పులుస్తుంది, మూత ఊడితే సంచంతా పాడు. తిండి ఏదైనా ప్లాస్టిక్ కవర్లో చేత్తో పట్టుకోకూడదు. కవరు చప్పుడు వింటే చాలు, ఇక్కడి కోతులు మనిషిని కాదు, చేతిని చూసుకుంటూ వస్తాయి. గుడ్డలో చుట్టి, బ్యాగులో అడుగున పెట్టి, జిప్పు లాగాలి. అత్తరు, బాడీ స్ప్రే, అగరొత్తులు మొదటి రోజే నిషేధం. కొండ చరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి, వాసనకీ పొగకీ అవి రేగితే పరుగెత్తడానికి ఆ దారిలో చోటు లేదు.

కాలి గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. ఎక్కేటప్పుడు తెలీదు గానీ దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుంటూనే ఉంటుంది, గోరు పొడుగ్గా ఉంటే సాయంత్రానికి నల్లబడుతుంది. బడికి వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్ల అడుగు నున్నగా అరిగిపోయి ఉంటుంది. వాటికన్నా అడుగున గాడులున్న పాత స్పోర్ట్స్ బూట్లు మేలు. కొత్త బూట్లు అన్నిటికన్నా చెడ్డవి. విడి సాక్సు జత ఒకటి తప్పదు, ఎందుకంటే వంకలో ఎవరో ఒకరు తడుస్తారు, తడి సాక్సుతో రెండు కిలోమీటర్లు నడిస్తే మడమ పొక్కుతుంది. పొక్కాక ప్లాస్టర్ వేయడం కాదు, మడమ వెచ్చగా మండుతున్నట్టు అనిపించగానే వేయాలి. పిల్లలు ఆ మాట చెప్పరు. నవ్వుతారని. అందుకే ఆగిన ప్రతిచోటా “ఎవరికి మడమ మండుతోంది?” అని మేమే అడిగాం. రెండోసారికి నలుగురు చేతులెత్తారు.

మరుగుదొడ్లు ఎగువ గుడి దగ్గరివే ఆఖరివి. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆడపిల్లలు పొద్దుటి నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు, పదకొండింటికల్లా తలనొప్పి మొదలవుతుంది. ఒక ముదురు రంగు దుప్పటి, ఐదు మీటర్ల నులకతాడు, చిన్న గునపం, ప్యాడ్లు, వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి కాగితం సంచులు ఇద్దరు మేడమ్‌ల దగ్గర ఉన్నాయి. దుప్పటి మూడుసార్లు కట్టారు. ఈ ఏర్పాటు ఉందని బస్సులోనే చెప్పడంతో ఎవరూ దాహంతో నడవలేదు.

అటవీశాఖ వాళ్ళకు పేర్లు, సంఖ్య, తిరిగొచ్చే సమయం ముందే రాసిచ్చాం. గుడి దాటాక ఫోన్ మీద ఆధారపడలేం, విజిళ్ళే. ఒకసారి ఊదితే ఆగు, రెండుసార్లు ఊదితే నా దగ్గరికి రా, మూడుసార్లయితే ప్రమాదం. ఒకటి నుంచి 32 వరకు అంకెలు పంచాం. ఎవరి అంకె వాళ్ళే అరుస్తారు, పక్కవాడి తరఫున అరవడం కుదరదు. వంక దాటిన ప్రతిసారీ లెక్క. నలభై సెకన్ల పని అది.

నడకలో నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ముందున్నవాళ్ళకు వెనకవాళ్ళ ఊపిరి మెడ మీద తగులుతున్నట్టుంటుంది, తమ వల్లే ఆలస్యమని సిగ్గుపడి వేగం పెంచుతారు, పావుగంటలో కూలబడతారు. అందుకే గైడు మొదట, ఆయన వెనక నలుగురు నెమ్మదివాళ్ళు, వాళ్ళ వెనక ఒక పెద్దమనిషి. ఉరకాలనిపించేవాళ్ళకు చివర్న పని ఇచ్చాం. మందుల పెట్టె, తాడు మోయడం. బరువు మోసేవాడికి ఉరకాలనిపించదు.

నల్లమల రాయి గురించి ఒక మాట. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఇసుక గట్టిపడి, ఒత్తిడికి స్ఫటికశిలగా మారిన రాయి ఇది. అరిగి గుండ్రమవడం కన్నా పగులు వెంట పలకలుగా విరగడం దీని స్వభావం. అందుకే దారిలో పడున్న రాళ్ళకు కోసినట్టు అంచులుంటాయి, పడితే మోకాలు చీరుకుంటుంది. ఎండిన రాయి బూటును బాగా పట్టుకుంటుంది. తడిసి నల్లగా మెరిసే చోట పాచి ఉంటుంది, అక్కడ ఏ బూటూ నిలవదు. గైడు చూపించిన పద్ధతి ఇది. ముందు కర్ర మోపు. తర్వాత మడమ కాదు, పాదం మొత్తం ఒకేసారి, కాస్త మోకాలు వంచి పెట్టు. ఆ కాలు మీద బరువు నిలిచాకే వెనక కాలు తీయి. “ఉరికితే జారదులే అనుకుంటారు, ఉరికేవాడే జారతాడు” అన్నాడు. కర్రలు గుడి దగ్గర అద్దెకిస్తారు. తీసుకునే ముందు కింది కొన చూడాలి. చీలి ఉంటే రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. పొడవు మనిషి ఛాతీ వరకు చాలు.

కిలోమీటరు నడిచాక వరాహ నరసింహుడి గుడి. అక్కడ పది నిమిషాలు, గుక్కెడు నీళ్ళు, లెక్క. ఆ తర్వాత గరుడాద్రికీ వేదాద్రికీ మధ్య లోయ ఇరుకై, మెట్లు మొదలై, ఎక్కుడు పెరుగుతుంది. డోలీలో పెద్దవాళ్ళను మోసుకొచ్చే బోయీలకు ఎప్పుడూ కొండవైపు నిలబడి దారివ్వాలి, లోయవైపు కాదు. పెద్దల అడుగుతో జ్వాలా నరసింహుడి సన్నిధికి దాదాపు రెండు గంటలు పట్టేది, మాకు రెండుంబావు పట్టింది. కొండ మీంచి నీళ్ళు తెరలా గుడి ముందుకు రాలుతాయి. జనవరిలో తెర పలచబడి గాలికి పక్కకు ఊగుతుంది, నడిచే బండంతా తడి. కడ్డీ పట్టుకుని ఒక్కొక్కరే దాటాలి, ఫోటో కోసం అక్కడ ఆగకూడదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం ఆ దగ్గరే.

ఇక్కడే గొడవ. పిల్లలందరి కళ్ళూ పైనున్న ఉగ్రస్తంభం మీద, అంటే నరసింహుడు వెలువడిన స్తంభమని చెప్పే కొండ కొమ్ము మీద. “సార్, ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎట్లా?” ఎక్కనివ్వలేదు. జ్వాలా పైన దారి మెట్లు కాదు, కదిలే రాళ్ళు. పైవాడి కాలికింద రాయి దొర్లితే కిందివాడి తల మీదికి వస్తుంది, 32 మందిని ఆ దూరంతో విడదీసి నడిపితే పైకీ కిందికీ మూడు గంటలు పోతుంది. అసలు కారణం వేరు. స్తంభం ఎక్కితే రోజంతా దానిదే. ఎవరు ఎక్కారు, ఎవరు ఆగిపోయారు అన్న మాటలే సాయంత్రం దాకా. మేం వచ్చిన పని అది కాదు. ఈ ప్రయాణంలో చేరాల్సిన చోటు శిఖరం కాదు, నలభై నిమిషాల మౌనం. మిగతా లెక్కలన్నీ దాని నుంచి వెనక్కి కట్టుకున్నవే.

జ్వాలా దిగి మాలోల నరసింహుడి గుడి దారి పట్టాం. ‘మా’ అంటే లక్ష్మి, ఆమె మీద ప్రేమగలవాడు మాలోలుడు. అంత ఉగ్రం చూసొచ్చాక ఇక్కడ స్వామి శాంతంగా లక్ష్మితో కూర్చుని ఉంటాడు. ఇక్కడికి దగ్గర్లోనే ప్రహ్లాదుడి బడి. రాతి చరియ, దాని మీద అక్షరాల్లాంటి గీతలు, వానాకాలమైతే మీద నుంచి నీరు. చండామార్కులు పాఠం చెప్పిన చోటని నమ్మకం. తొమ్మిదో నంబరు అబ్బాయి గీతల మీద వేలు పెట్టి గుణింతం చదివినట్టు నటించాడు, అందరూ నవ్వారు. నవ్వనిచ్చాం. ఆ నవ్వు ముందే అయిపోతే తర్వాత మౌనంలో పుట్టదు.

బడి దగ్గరే కూర్చోబెట్టడం తప్పు. యాత్రికులు వస్తూ పోతూ ఉంటారు. కిందికి, తెల్లమద్ది చెట్ల నీడ పడే వంక పక్కకు దిగి, పది పన్నెండు మీటర్లకు ఒకరు చొప్పున వంకరటింకరగా కూర్చోబెట్టాం. ఒకరి మొహం ఒకరికి కనపడకూడదు, ప్రతి ఒక్కరూ ఎవరో ఒక పెద్దవాళ్ళకు కనపడాలి. ఈ రెండూ ఒకేసారి కుదరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ సమయం లెక్కలో ఉండాలి. కూర్చునే ముందు కర్రతో రాయి చుట్టూ తట్టాలి, తేళ్ళూ జెర్రులూ ఆకుల కింద ఉంటాయి. అడుగున అడుగున్నర చదరం గోనెపట్టా. ప్లాస్టిక్ షీటు జారుతుంది, పేపరు తడిసిపోతుంది, ఉత్త బండ చల్లదనానికి పావుగంటలో లేచి నిలబడతారు.

ఇది తిండికి ముందే జరగాలి. తిన్నాక అయితే నిద్రపోతారు. మరీ ఆకలిగా ఉంటే టిఫిన్ డబ్బా తప్ప ఏమీ తలకెక్కదు, కాబట్టి పావుగంట ముందు ఒక చిక్కీ ముక్క, నీళ్ళు. కాలు అలిసి ఉండాలి, మనిషి అలిసిపోకూడదు. పొద్దున రెండు గంటల ఎక్కుడు సరిగ్గా దానికి సరిపోతుంది. బస్సు దిగి నేరుగా వచ్చి కూర్చుంటే పిల్లల ఒళ్ళు నిలవదు.

12:05కి ఒక విజిల్. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు. గులకరాళ్ళు నీళ్ళలోకి విసరడం, బూటు లేసు విప్పి కట్టడం, మేడమ్ ఎటు చూస్తోందో చూడటం. మందలించకూడదు, మందలిస్తే అది తరగతి అయిపోతుంది. పన్నెండు, పదిహేను నిమిషాల మధ్య ఎక్కడో గులకరాళ్ళ చప్పుడు ఆగుతుంది. అప్పుడు వంక వినిపిస్తుంది. అంతకు ముందూ వంక పారుతూనే ఉంది. ఇరవై నిమిషాలకే ఆపేస్తే మనకు మిగిలేది ఆ తొలి కదలికలే. గంట కూర్చోబెడితే సగం మంది తూగుతారు. నలభై అందుకే.

ముప్పయ్యో నిమిషంలో మేం చప్పుడు చేయకుండా తిరిగి ఒక్కొక్కరి పక్కన ఒక ఇన్‌లాండ్ లెటర్ పెట్టాం. తపాలా ఆఫీసులో రెండున్నర రూపాయలు. తెల్ల కాగితం కన్నా ఇదే మేలు. రాసి మడిచి అంటించేస్తే మేష్టరు చదవడని పిల్లలకు తెలుస్తుంది. జెల్ పెన్ను తడి చేతికి అలుక్కుపోతుంది, బాల్ పెన్నులు ఇచ్చాం. ఒకటే సూచన: వచ్చే ఏడాది జూన్లో ఈ ఉత్తరం నీకు అందుతుంది, నీకు నువ్వు ఏమడగాలో అడుగు. మొదట్లో ప్రశ్నల పట్టిక ఇచ్చేవాళ్ళం, ‘నీ లక్ష్యం ఏమిటి’ లాంటివి. అందరూ కలెక్టరనో డాక్టరనో రాసేవాళ్ళు, వ్యాసరచన పోటీలో లాగా. అసలు ఆ వయసు పిల్లలను ఇంట్లో, బయట అందరూ అడిగేది ఎంపీసీయా బైపీసీయా అనే. అదే ప్రశ్న అడవికి కూడా మోసుకు రావడం దేనికి?

చిరునామా దగ్గర జాగ్రత్త. వచ్చే ఏడాదికి చాలామంది హాస్టల్లో ఉంటారు, హాస్టల్ పేరు ఇప్పుడు తెలీదు. ఇంటి చిరునామా, పిన్‌కోడ్ ముందురోజే బళ్ళోనే రాయించాం. కొండ మీద పిన్‌కోడ్ ఎవరికీ గుర్తుండదు. అంటించే అంచు జిగురు చెమ్మకు ముందే అతుక్కుపోతుంది, ఇచ్చేదాకా కట్టను పాలిథిన్ సంచిలో ఉంచాలి. ముగ్గురివి అప్పటికే అతుక్కున్నాయి, అదనంగా తెచ్చిన ఐదింటిలోంచి ఇచ్చాం.

12:45కి విజిల్ ఊదాక పరిగెత్తుకు రావద్దని చెప్పాం. ఎలాగూ ఎవరూ పరిగెత్తలేదు. ఏం రాశావని అడగలేదు, గుండ్రంగా కూర్చోబెట్టి అనుభవాలు చెప్పించలేదు. మాట్లాడాలనుకున్నవాళ్ళు దిగేదారిలో పక్కన చేరి వాళ్ళే మాట్లాడతారు. మెట్లు చూసుకుంటూ నడిచేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడక్కర్లేదు, మాట తేలిగ్గా వస్తుంది. పెద్దవాళ్ళు చేయాల్సిందల్లా వాళ్ళతో సమానంగా అడుగేయడం, మధ్యలో సలహా చొప్పించకపోవడం. రెండోది కష్టం.

దిగడంలో మోకాళ్ళు వణికాయి. మెట్టుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి దిగితే భారం తగ్గుతుంది. ఇద్దరికి పిక్క పట్టేసింది, ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు తాగించి, బొటనవేలిని మోకాలివైపు లాగి పట్టుకుంటే ఐదు నిమిషాల్లో వదిలింది. ఈ లోయలో మూడున్నరకే నీడ పడుతుంది, నాలుగు దాటి వంకలో ఉండకూడదు. 3:20కి ఎగువ గుడి చేరాం.

ఒకటి నుంచి 32 వరకు అరిచారు. కర్రలు 37లో ఒకటి విరిగింది, దానికి డబ్బు కట్టి మిగతావి తిరిగి ఇచ్చాం. గోనెపట్టాలు 32. ఉత్తరాలు 29. మిగతా మూడూ ఎవరి జేబుల్లో ఉన్నాయో వెతకలేదు, తిరిగివ్వాలని మేం చెప్పలేదు కదా. దిగువ అహోబిలం సత్రంలో వేడి అన్నం సిద్ధంగా ఉందని ఫోను వచ్చింది, బస్సెక్కాం.