సిరాబుడ్డి వెంట రువాన్ దాకా

పారిస్‌లో సాయంత్రం నాలుగున్నరకు ప్రైమరీ బడి గేటు ముందు నిలబడితే తెలుగువాళ్ల కన్ను ఊరుకోదు. ఒకడి చొక్కాకీ ఇంకొకడి చొక్కాకీ పొంతన ఉండదు. టై లేదు, బెల్టు లేదు, నల్లబూట్లు లేవు. మన దగ్గర సర్కారు బడిలోనూ ఏటా జతల లెక్కన బట్టలిస్తారు. ఇక్కడ సర్కారు బడి అంటేనే ఎవరి బట్టలు వాళ్లవి. మనవణ్ణి తీసుకెళ్లడానికొచ్చిన ఓ పెద్దాయన మాత్రం "మా రోజుల్లో అందరికీ యూనిఫాం ఉండేది" అని వాపోయాడు. ఆ మాట సంగతేమిటో చూద్దామనే, జాతీయ విద్యా మ్యూజియం ఉన్న రువాన్ ఊరికి రైలెక్కాను.

సాఁ లాజార్ స్టేషన్ నుంచి దాదాపు గంటన్నర. టికెట్టు ముందే కొనాలి, అప్పటికప్పుడు కొంటే చేతి చమురు వదులుతుంది. మ్యూజియానికి మంగళవారం సెలవు, అదీ చూసుకోవాలి. కెథడ్రల్ గురించీ, జోన్ ఆఫ్ ఆర్క్‌ను కాల్చిన చోటు గురించీ రాసినవాళ్లు బోలెడుమంది, నేను రాయను. మ్యూజియం ఉన్న ఓ ద రొబెక్ వీధి మాత్రం బట్టల సంగతికి సరిగ్గా అతికింది. చెక్క దూలాల పాత ఇళ్లు, నడుమ కాలువంత వాగు. ఒకప్పుడిది అద్దకంవాళ్ల వీధి. వాళ్లు ముంచి తీసే రంగు ఏదైతే వాగుదీ అదే రంగు.

లోపల పాతకాలపు తరగతి గది ఉంది. దాన్ని చూస్తే పెద్దాయన మాటకు సగం జవాబు దొరుకుతుంది. బల్లకు గుండ్రటి రంధ్రం, అందులో పింగాణీ సిరాబుడ్డి. పొడిని నీళ్లలో కలిపిన ఊదారంగు సిరా, ఉక్కుపాళీ కలం, అద్దుడు కాగితం. పాళీని ఎక్కువ ముంచితే బొట్టు రాలుతుంది, గట్టిగా నొక్కితే చీలి చిమ్ముతుంది, చెయ్యి ఆనితే అలుక్కుపోతుంది. ఆ ఊదా మరక నూలుబట్టను ఓ పట్టాన వదలదు. అందుకే పిల్లలు లోపలి బట్టల మీద ఓ నూలు పైతొడుగు వేసుకునేవాళ్లు. దాని పేరు బ్లూజ్. పేరు విని మన చీర మీది జాకెట్టు అనుకోకండి. ఇది మోకాళ్ల దాకా దిగే అంగీ, చేతులు మణికట్టు దాకా. మగపిల్లలకు నలుపో బూడిదరంగో, మరక కనబడకుండా. చిన్నపిల్లల వాటికి బొత్తాలు వీపు మీదే ఉండేవి. తమంత తాము విప్పుకోలేరు, ఒకరికొకరు పెట్టుకోవాల్సిందే. బిడ్డ ఎదిగితే దించడానికి అంచులో మడత ఎక్కువ వదిలి కుట్టేవాళ్లు. ఆడపిల్లల లీసేలు, అంటే పై తరగతుల బడులు, కొన్నింటిలో రెండు రంగులు, వారానికొకటి మార్చాలి. ఒకటి ఒంటి మీదుంటే రెండోది ఉతుకులో. రంగు మారకపోతే ఉతకలేదని గేటు దగ్గరే తెలిసిపోయేది.

అంటే అది వంటింటి ఏప్రన్‌కు చుట్టం. ఫ్రాన్స్ సర్కారు బడులన్నిటికీ కలిపి ఒకే యూనిఫాం అని ఎన్నడూ లేదు. 1802లో నెపోలియన్ పెట్టిన లీసేల్లో సైనికుల ధోరణి దుస్తులుండేవి, గంటకు బదులు డోలు మోగేది. కానీ అక్కడికి వెళ్లింది కొద్దిమందే. బ్లూజ్‌ను పోగొట్టింది ఏ విప్లవమో కాదని నా అనుమానం. 1950లో బిక్ క్రిస్టల్ బాల్ పెన్ బజారుకొచ్చింది, 1965లో బడుల్లో బాల్ పెన్నుకు అనుమతి దొరికింది. మూడేళ్లకు 1968 మే నెలలో విద్యార్థుల, కార్మికుల అల్లర్లు. 1970ల్లో బ్లూజ్ కనుమరుగైంది. ఫ్రెంచివాళ్లు ఆ గొప్పంతా మే అల్లర్లకు కట్టబెడతారు. నేనైతే సగం పెన్నుకిస్తాను.

బట్టల మీద చట్టం లేదనుకుంటే మళ్లీ పొరపాటు. 1936-37లో విద్యామంత్రి జాఁ జే రాజకీయ, మత చిహ్నాలను బడి బయటే ఉంచమని సర్క్యులర్లిచ్చాడు. 1989లో క్రేయ్ ఊళ్లో ముగ్గురు ముస్లిం అమ్మాయిల తలగుడ్డ దేశమంతా రచ్చయింది. 2004 మార్చి 15 చట్టం మతాన్ని కొట్టొచ్చినట్టు చూపే గుర్తులను సర్కారు బడుల్లో నిషేధించింది. యూనివర్సిటీలకు, ప్రైవేటు బడులకు అది వర్తించదు. శిక్షకు ముందు పిల్లవాడితో మాట్లాడాలని కూడా అందులోనే ఉంది. ఆ దెబ్బ మన సిక్కు పిల్లలకూ తగిలింది. ఆ ఏడే తలపాగా తీయనన్న కొందరిని బడి నుంచి పంపేశారు. అందులో ఒకరి విషయంలో హక్కుల ఉల్లంఘన జరిగిందని 2012లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. 2023 సెప్టెంబరు నుంచి అబాయా, అంటే ఒళ్లంతా కప్పే వదులు గౌను, కూడా నిషేధం. ఏం వేసుకోవాలో చెప్పని దేశం, ఏం వేసుకోకూడదో ఇంత పట్టుదలగా చెప్పడం నాకు వింతగానే ఉంది.

పెద్దాయన కోరిక కొంత తీరింది లెండి. 2024 ఫిబ్రవరి 26న దక్షిణ ఫ్రాన్స్‌లోని బెజియేలో నాలుగు బడులు యూనిఫాం ప్రయోగం మొదలుపెట్టాయి. కిట్టు ఖర్చు దాదాపు 200 యూరోలు. అప్పుడు సగం కేంద్రం, సగం స్థానిక సంస్థ పెట్టుకున్నాయి, తల్లిదండ్రుల జేబుకు చిల్లు పడలేదు. అందులో అయిదు పోలో చొక్కాలు, రెండు స్వెట్టర్లు, రెండు ప్యాంట్లు. వారానికి నాలుగో, నాలుగున్నరో రోజులుండే బడికి అయిదు పోలోలు! ఊదా సిరా కాలంలో వారమంతా ఒక్క బ్లూజ్‌తోనే గడిపారు.