పాకెట్‌లో ఆడటం తేలిక అనేవాళ్లతో నాకు పేచీ

ఒకరితో ఒకరు తలపడి గెలిస్తేనే ఆట వచ్చినట్టు, టీమ్ గేమ్‌లు కాలక్షేపానికి అని, ఊరు కట్టి సైన్యాన్ని నడిపే కంప్యూటర్ గేమ్ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవాళ్లు చాలామంది అంటుంటారు. నేనూ ఏళ్ల తరబడి అదే నమ్మాను. ఇప్పుడు నమ్మను.

వన్ వర్సెస్ వన్ కష్టం కాదని కాదు. అరేబియా మ్యాప్‌లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఒక్క విలేజర్ (పనివాడు) రావడానికి 25 సెకన్లు, వాళ్లని తయారుచేసే టౌన్ సెంటర్ కాసేపు ఖాళీగా ఉందంటే ఆ విలేజర్ చివరిదాకా తెచ్చే కలప, ఫుడ్ అన్నీ పోయినట్టే, సరిగ్గా అదే సమయంలో చెట్ల దగ్గర నలుగురు ఆర్చర్లు దిగుతారు, ఇంకో పక్క గోడ పూర్తి కాలేదు. అక్కడ అసలు పరీక్ష ధ్యాసకి. కానీ ఓడినా గెలిచినా కారణం మీ చేతిలోనే ఉంటుంది, రికార్డింగ్ చూస్తే ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది.

నలుగురు నలుగురు ఆడేటప్పుడు అలా కాదు. అంచుల్లో ఉన్నవాళ్లు ఫ్లాంక్, మధ్యలో ఇద్దరు పాకెట్. పాకెట్ దాకా శత్రువు రావడం ఆలస్యం కాబట్టి అది తేలిక అంటారు. ఒక్కసారి ఇది ఊహించండి: మీ దగ్గర 800 ఫుడ్, 200 గోల్డ్ ఉన్నాయి, కాజిల్ ఏజ్ అనే తర్వాతి దశకి బటన్ నొక్కడమే తరువాయి, అప్పుడే పక్కనున్న ఫ్లాంక్ హెల్ప్ అంటూ మ్యాప్ మీద ఫ్లేర్లు (పిలుపు గుర్తులు) వేస్తున్నాడు. స్కౌట్ (తేలికపాటి గుర్రపు సైనికుడు) ఒకటి 80 ఫుడ్. అంటే ఆ 800తో పది స్కౌట్లు వస్తాయి, అతను బతుకుతాడు, మీరు వెనకబడతారు. నొక్కేస్తే ఆట గడియారంలో 160 సెకన్లు, కాజిల్ ఏజ్‌లో వచ్చే బలమైన గుర్రపు యోధుడు, మొదటి నైట్‌కి ఇంకో 30, అప్పటికి అతని విలేజర్లు ఎంతమంది మిగులుతారు? వేళ్ల వేగం ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అతను ఎంత భయపడుతున్నాడు, నిజంగా ఎంత ప్రమాదంలో ఉన్నాడు, ఈ రెండింటినీ మినీమ్యాప్ చూసి విడదీయగలగాలి. నా లెక్కలో ఈ ఆట మొత్తంలో ఇంతకంటే కష్టమైన నిర్ణయం లేదు.

ఇదే ఆటలో డెత్ మ్యాచ్ అనే మోడ్ మరో లోకం. 20,000 ఫుడ్, 20,000 కలప, 10,000 గోల్డ్, 5,000 రాయి మొదట్లోనే ఇస్తారు. ఏది ముందు, ఏది తర్వాత అని బట్టీ పట్టిన బిల్డ్ ఆర్డర్లు అక్కడ అక్కరకు రావు. సైన్యం నిమిషంలో ఊడ్చుకుపోతుంది, ఎన్ని బ్యారక్స్, స్టేబుళ్లు ఎంత ముందుకు కట్టారు, పోయినవాళ్ల స్థానంలో మళ్లీ ఎంత త్వరగా దింపారు అన్నదే మిగిలేది. కాజిల్ అనే కోటకి 650 రాయి, అంటే ఉన్న రాయితో ఏడే వస్తాయి, ఒక్కటి తప్పు చోట కడితే ఆ బాధ చివరిదాకా ఉంటుంది.

మరో స్ట్రాటజీ గేమ్ స్టార్‌క్రాఫ్ట్ 2లో 2015లో వచ్చిన ఆర్కన్ మోడ్ కూడా చెప్పాలి, ఇద్దరు కలిసి ఒకే బేస్ నడపాలి. ధ్యాస రెట్టింపవుతుంది, కానీ ఆ సైన్యాన్ని ఎవరు కదుపుతున్నారో మాట్లాడుకోకపోతే ఇద్దరూ ఒకే దళాన్ని చెరో వైపు లాగుతారు.

ఈ మధ్య పాకెట్‌లో ఉంటే ఫ్లేర్ దాకా ఆగడం లేదు. కాజిల్ ఏజ్‌కి ముందు దశ, ఫ్యూడల్ ఏజ్‌కి రాగానే పక్కవాడి గోడ ఓసారి చూసి, కన్నం కనిపిస్తే "నాలుగు స్కౌట్లు పంపుతున్నా, మిగతా ఫుడ్ కాజిల్ ఏజ్‌కి" అని ముందే రాసేస్తున్నాను.