ఖాళీ గడి

అమెరికాలో ఆస్పత్రి ల్యాబ్‌ల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి ఇది. ల్యాబ్ మెషిన్ పంపే ఫలితాన్ని తీసుకుని డాక్టర్ స్క్రీన్ మీద చూపించాలి, అంతే పని. వచ్చింది అంకె అయితే చూపించు, కాకపోతే గడి ఖాళీగా వదిలెయ్ అని కోడ్ రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు, రివ్యూ చేసినవాళ్లూ నాలాగే కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లే మరి.

విడుదలకి ముందు ఒకసారి చూడటానికి, ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ఒకావిడ వచ్చారు. రెండు నిమిషాలు చూసి, "ఈ ట్రోపోనిన్ ఎందుకు ఖాళీగా ఉంది?" అని అడిగారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్ అది, గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు చూస్తారు. మెషిన్ కొలవగలిగినంత కూడా ఆ ప్రోటీన్ లేకపోతే సున్నా అని రాదు, ఫలానా అంకె కంటే తక్కువ అని ముందు ఒక గుర్తు పెట్టి వస్తుంది. ఆ గుర్తు వల్ల నా ప్రోగ్రామ్‌కి అది అంకెలా కనపడలేదు. అంటే రోగికి ఊరటనిచ్చే ఫలితాన్ని చెరిపేసి, అసలు పరీక్షే చెయ్యలేదన్నట్టు చూపిస్తున్నాను, దాంతో డాక్టర్ మళ్లీ రక్తం తియ్యమంటారు, ఎమర్జెన్సీలో ఆ మనిషి ఇంకో రెండు గంటలు టెన్షన్‌తో కూర్చుంటారు.

నా టెస్టులు ఎలా పాసయ్యాయో అప్పుడు అర్థమైంది. వాటిని రాసిందీ నేనే, నాకు తెలియని విషయం వాటికీ తెలియదు.

ముందే ఎందుకు అడగలేదు అంటే, భయం. ఇక్కడ ఉద్యోగం పోతే హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికే గడువు 60 రోజులు, ఆ లెక్క తలలో తిరుగుతుంటే మీటింగ్‌లో "ట్రోపోనిన్ అంటే ఏంటి?" అని నోరు తెరవడం కష్టం. కొత్త ఊళ్లో ఏ స్టాప్‌లో దిగాలో బస్సు డ్రైవర్ని అడగడానికి మాత్రం నేనెప్పుడూ సిగ్గుపడలేదు. తేడా వీసా ఒక్కటే కాదనుకుంటాను. నాలుగేళ్ల డిగ్రీలో వేరే సబ్జెక్టు మనిషితో కలిసి ఒక్క పనీ చెయ్యలేదు. ప్రతి ప్రాజెక్టుకీ సమస్యని శుభ్రం చేసి చేతికిచ్చారు, ఏ గడిలో ఏం వస్తుందో ముందే రాసి పెట్టి మరీ.

ఇది నా ఒక్కడి కథ కాదు. మార్చ్1, సెప్ట్2 అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. జన్యువుల జాబితాలని ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాలని చూస్తే దాదాపు ఐదింట ఒక వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేల్చారు. చివరికి 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కోసం జీవశాస్త్రం తన పేర్లు మార్చుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాలేజీలు ప్రయత్నించడం లేదని కాదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌ని భాషాశాస్త్రంతో, పంటల శాస్త్రంతో కలిపి ఒకే డిగ్రీగా చదవొచ్చు. స్టాన్‌ఫర్డ్ కూడా 2014లో ఇంగ్లీషు, సంగీతం లాంటి వాటితో కలిపి మొదలుపెట్టి, 2019లో ఆపేసింది. చేరినవాళ్లు తక్కువ. రెండు డిగ్రీల బరువు ఒక విద్యార్థి నెత్తిన పెడితే రెండు సబ్జెక్టులూ కలిసినట్టు కాదు కదా. నా దృష్టిలో కావాల్సింది ఇంకా చిన్నది, ఇంకా కష్టమైనది: నర్సింగ్ విద్యార్థీ, కంప్యూటర్ విద్యార్థీ ఒక సెమిస్టర్ పాటు ఒకే పని చెయ్యాలి, మార్కులు ఇద్దరు టీచర్లూ వెయ్యాలి, ప్రోగ్రామ్ నడిచినా నర్సింగ్ టీచర్ "ఇది వాడలేం" అంటే ఆ మాట చెల్లాలి. సిలబస్‌లో చోటు లేదంటారు. ఒక ఎలక్టివ్ తగ్గించండి, ఉద్యోగంలో చేరాక నెలలో నేర్చుకునే టూల్ కోసం పెట్టిన ఎలక్టివ్‌లు చాలానే ఉన్నాయి.

ఆ తర్వాత నేను ల్యాబ్‌కి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుందనీ, అందుకే ఆ అంకె పక్కన ల్యాబ్ వాళ్లు ఒక మాట రాస్తారనీ అక్కడే తెలిసింది. జాగా కలిసొస్తుందని నేను తీసేసిన కాలమ్ సరిగ్గా అదే. మర్నాడే తిరిగి పెట్టాను.

ఈ వేసవిలో మా టీమ్‌కి మూడో సంవత్సరం చదివే ఒకమ్మాయి ఇంటర్న్‌గా వచ్చింది. మొదటి వారం లాప్‌టాప్ ఇవ్వకుండా ల్యాబ్‌కి పంపాను. నోట్‌బుక్ నిండా ప్రశ్నలతో తిరిగొచ్చింది. మొదటిది: "మనం చూపిస్తున్న టైమ్ రక్తం తీసిన టైమా, ల్యాబ్‌కి చేరిన టైమా?" వెళ్లి చూశాం. స్క్రీన్ మీద "టైమ్" అని మాత్రమే ఉంది, ఇన్నేళ్లుగా.