పాత కారు తీగలను రంగు చూసి నమ్మకూడదు

నాన్నగారు చాలాకాలం నడిపిన కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని రేడియో మూగబోయి ఏళ్లు గడిచాయి. ఇటీవల ఆ స్థానంలో కొత్త స్టీరియో బిగించాను. సెట్టును డ్యాష్‌బోర్డులో అమర్చడానికి పావుగంట చాలింది గాని, దాని వెనక ఉన్న తీగల సంగతి తేల్చుకోవడానికి రెండు ఆదివారాలు పట్టాయి.

కొత్త సెట్టుతో వచ్చే తీగల రంగుల విషయంలో చాలా కంపెనీలు ఒకే పద్ధతిని పాటిస్తాయి. పసుపు తీగకు ఎల్లప్పుడూ కరెంటు అందాలి, ఎర్ర తీగకు తాళంచెవి తిప్పినప్పుడే అందాలి, నల్లది ఎర్త్, అంటే కారు బాడీకి కలిపేది. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగు జతలు నాలుగు స్పీకర్లవి. కారు వైపు తీగలకు మాత్రం ఈ రంగులతో సంబంధం లేదు. మా కారులో తాళం వేసినా తీసినా కరెంటు ఉండే తీగ ఎర్రగానే ఉంది. రంగుకు రంగు కలిపి ఉంటే, బండి ఆపిన ప్రతిసారీ సెట్టు గడియారాన్నీ స్టేషన్లనూ మరిచిపోయేది. అందుకే ప్రతి తీగనూ మల్టీమీటరుతో తాళం ఆపి ఒకసారి, తిప్పి ఒకసారి కొలిచి, కాగితపు చీటీ అంటించాను.

మీటరు కూడా పూర్తి నిజం చెప్పదని ఆ తరువాత తెలిసింది. ఒక తీగలో 12.6 వోల్టులు చూపినా, సెట్టులో శబ్దం పెంచగానే అది ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. మీటరు లాక్కునే కరెంటు దాదాపు శూన్యం కనుక, తుప్పు పట్టిన కనెక్టరు గుండా కూడా అది పూర్తి వోల్టేజీనే చూస్తుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బును అదే తీగకు తగిలించి మళ్లీ కొలిస్తే 9 వోల్టులే ఉన్నాయి. బల్బు రెండు ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది, తీగ ఆ మాత్రం భారం కూడా మోయలేకపోయింది. ఆ తీగను వదిలేసి, బ్యాటరీ నుంచి పసుపు తీగకు కొత్త వైరు లాగి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టాను.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది స్పీకర్ల దగ్గర. కొన్ని పాత కార్లలో స్పీకరుకు ఒకే తీగ వస్తుంది, రెండవ కొస కారు బాడీకే కలిపి ఉంటుంది. మా కారులో వెనక స్పీకర్లు రెండూ అలాంటివే. పాత రేడియోకు అది సరిపోయింది. ఈనాటి సెట్లలో మాత్రం స్పీకరు రెండు తీగలనూ యాంప్లిఫయరే నడుపుతుంది, శబ్దం లేనప్పుడు కూడా ఒక్కొక్క దానిపై సరఫరా వోల్టేజీలో సుమారు సగం నిలిచి ఉంటుంది. అందులో ఏ ఒక్కటి బాడీకి తాకినా సెట్టు తనను తాను ఆపుకోవచ్చు, లేదంటే లోపలి చిప్పు కాలిపోవచ్చు. కనుక సెట్టు కలపకముందే ప్రతి స్పీకరు తీగకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, ఉందేమో మీటరుతో చూడాలి, ఎక్కడా ఉండకూడదు. వెనక స్పీకర్లకు నేను కొత్త జత తీగలు లాగాను. స్పీకరు కొసల్లో ఏది పాజిటివో తెలియనప్పుడు 1.5 వోల్టుల సెల్లును వాటికి క్షణంపాటు తాకిస్తే చాలు. స్పీకరులో అదిరే కోను బయటికి కదిలితే సెల్లు పాజిటివ్ తాకినదే స్పీకరు పాజిటివ్. ఒక స్పీకరు తారుమారైతే బేస్ పలచబడుతుంది.

ఎర్త్ తీగను రంగు గీకిన నిఖార్సైన ఇనుముపై బోల్టుతో బిగించాను. అతుకులను మెలిపెట్టి టేపు చుట్టడం నాకు ఇష్టం లేదు, ఎండకు టేపు జిగురు కారిపోతుంది. తీగలను లోహపు గొట్టంలో పెట్టి నొక్కి (క్రింప్ చేసి), వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగాను.

చివరగా, బండి ఆగి ఉన్నప్పుడు సెట్టు బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతుందో తెలుసుకోవడానికి తాళంచెవి బయటికి తీసి, పసుపు తీగ ఫ్యూజు స్థానంలో మీటరును ముందు 10 ఆంపియర్ల రేంజిలో, తరువాత మిల్లీ ఆంపియర్లలో పెట్టి చూశాను. 6 మిల్లీ ఆంపియర్లు. అప్పుడు డ్యాష్‌బోర్డు మూత బిగించాను.