పక్క సీట్లో కాళ్లు

శనివారం. బడి లేదు. డ్రైవింగ్ నేర్పే మనిషిని ఈ రోజు ఎలాగైనా ఖాయం చేసుకోవాలని పొద్దున్నే ఫోను, నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాను. నలభై దాటాక కారు నేర్చుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. కానీ ఎవరి దగ్గర అన్న దగ్గరే నెలల తరబడి ఆగిపోయాను. అడిగితే చాలు, ప్రతివాళ్లూ ఒక నంబరు ఇస్తారు. "చాలా మంచివాడు, నాకు నేర్పింది ఆయనే" అంటారు. "మరి రోజూ నడుపుతున్నావా?" అంటే నవ్వేస్తారు. మా స్టాఫ్‌రూమ్‌లోనే ఇద్దరికి లైసెన్సూ ఉంది, కారూ ఉంది. ఆ కారు బయటికి తీసేది మాత్రం ఇంట్లో ఇంకెవరో. అందుకే ఈమధ్య "పాస్ అయ్యావా?" అని అడగడం మానేసి, "వానలో ఒక్కదానివే వెళ్లి వచ్చావా?" అని అడుగుతున్నాను. దానికి అవునన్నవాళ్లు చెప్పిన పేర్లే నోట్‌బుక్కులో మిగిలాయి.

ఫోన్లో అందరూ ముందు రేటే చెప్పారు. క్లాసుకి ఇంత. సరే, క్లాసంటే ఎంతసేపు? ఒకరికి అరగంట, ఒకరికి నలభై నిమిషాలు, ఒకరికి గంట. ఆ గంటలో కారులో ఎంతమంది? ముగ్గురైతే నా చేతికి స్టీరింగ్ వచ్చేది 20 నిమిషాలు. మిగతా 40 నిమిషాలూ వెనక సీట్లో కూర్చుని ఇంకొకరు గేరుతో పడే పాట్లు చూడాలి. చూడడం కూడా పాఠమేనండీ అని ఒకాయన వాదించాడు. కావచ్చు, దానికి స్టీరింగ్ రేటు ఎందుకివ్వాలి? ఇంటి దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటామన్నవాళ్లని, అక్కణ్ణుంచి ఎవరు నడుపుతారని అడిగాను. ట్రాఫిక్ ఉంటుందని ఆయన నడిపి, ఖాళీ రోడ్డు వచ్చాక నాకు ఇస్తే ఆ దారంతా నేను డబ్బిచ్చి షికారు వెళ్లినట్టే.

ఇంకా అడగాల్సినవి పేజీ నిండా రాసిపెట్టుకున్నాను. పెట్రోలు ఫీజులోనే కలిసిందా, పరీక్ష రోజు కారుకి విడిగా కట్టాలా, ముందురోజే చెప్పి క్లాసు మానుకుంటే ఆ డబ్బు పోయినట్టేనా, నేర్పడానికి ఆయనకి అనుమతి ఉందా, నేర్చుకునేవాళ్లు నడిపినప్పుడు కూడా ఆ కారు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా. మొత్తం డబ్బు ముందే కట్టి మధ్యలో మానేస్తే మిగతాది తిరిగిస్తారా అంటే ఒకాయన "అలా ఎవరూ మానలేదు మేడమ్" అన్నాడు. అది జవాబా? ఇంకొకరు గ్యారంటీగా పాస్ చేయిస్తామన్నారు. పరీక్ష పెట్టేది వాళ్లు కానప్పుడు గ్యారంటీ ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్లల తల్లిదండ్రులకి ఇలాంటి మాటే చెప్పే ట్యూషన్‌వాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఆ పేరు కొట్టేశాను.

చివరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరూ ఒక ట్రయల్ క్లాసుకి ఒప్పుకున్నారు.

ముందు వచ్చింది ఒక కుర్రవాడు. రేటు తక్కువ, మాట మెత్తన. మామూలుగా అతని కారులో ముగ్గురుంటారట, ట్రయల్ కాబట్టి నేనొక్కదాన్నే. "టెన్షన్ పడకండి మేడమ్, నేనున్నాగా" అన్నాడు. క్లచ్ నొక్కి ఫస్ట్ గేర్ వేయించి, ఇక వదలండి అన్నాడు. వదిలాను. కారు మెత్తగా కదిలింది. సెకండ్, థర్డ్. ఎక్కడా ఇంజిన్ ఆగలేదు. మలుపు దగ్గర నేను బ్రేకు మీదికి కాలు తెచ్చేలోపే వేగం తగ్గింది. "చూశారా, మీకప్పుడే చేయి తిరిగిపోయింది!"

మనసు పొంగిన మాట నిజమే. కానీ ఇన్నేళ్లు పేపర్లు దిద్దినదాన్ని, పాఠం మొదలైన రోజే నూటికి నూరు వచ్చిన పేపరంటే నాకు అనుమానం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అతని వైపు కిందికి చూశాను. నేర్పేవాళ్ల సీటు ముందు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా. ఎడమ బూటు క్లచ్ మీద, కుడి బూటు బ్రేకు మీద. గ్రీన్ పడింది. ఈసారి కావాలనే క్లచ్ మీంచి పాదం తొందరగా లేపాను. పెడల్ నా పాదంతో పాటు పైకి రాలేదు. ఒక క్షణం కిందే ఉండిపోయి, తర్వాత తాపీగా లేచి వచ్చి నా బూటుని తాకింది. కారు ఎప్పట్లాగే మెత్తగా కదిలింది.

"క్లచ్ మీరు పట్టుకున్నారా?" అని అడిగాను.

"మొదట్లో కాన్ఫిడెన్స్ రావాలి కదా మేడమ్" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

అతన్ని పూర్తిగా తప్పుపట్టలేను. మాటిమాటికీ ఇంజిన్ ఆగిపోతుంటే వెనకున్నవాళ్లు హారన్ల మోత మోగిస్తారు, నేర్చుకునేవాళ్లు భయపడి మానేస్తారు, క్లచ్ ప్లేటు అరిగితే ఖర్చు అతనిదే. ఆ పెడల్స్ ఉండాల్సిందే కూడా. అవి లేని కారులో నేర్పుతామంటే నేను ఎక్కనే ఎక్కను. గంటకి 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 10 మీటర్లు. నేర్పే ఆయన "బ్రేకు" అని అరిచి, అది నేను విని, నా కాలు పెడల్‌ని వెతుక్కునేసరికి ఎన్ని మీటర్లు పోతాయి? అలాంటప్పుడు ఆయన కాలే దిక్కు. వేస్తే వేయనీ, వేసినట్టు నాకు చెప్పాలి. చెప్పకపోతే నేను నడుపుతున్నదెంతో, ఆయన నడుపుతున్నదెంతో నాకు ఎప్పటికీ తెలియదు. అది తెలిసేది ఒంటరిగా కారు తీసిన రోజునే.

దిగే ముందు రివర్స్ పార్కింగ్ కూడా చూపించాడు. వెనక అద్దం మీద చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించి ఉంది. అది స్తంభానికి సూటిగా రాగానే స్టీరింగ్ ఒకటిన్నర చుట్లు తిప్పాలట. పరీక్షలో కచ్చితంగా పనిచేస్తుందన్నాడు. పనిచేస్తుంది, ఆ కారులో, ఆ స్తంభం దగ్గర. మా కారుకి స్టిక్కర్ లేదు, మా బడి ముందు స్తంభమూ లేదు.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. కుర్రవాడి రేటుకి ఒకటిన్నర రెట్లు, కారులో ఒక్కరే. మాట పొదుపు. సీటులో కూర్చోగానే కారు కదుల్తుందనుకున్నాను గానీ, ముందు సీటు సర్దడమే ఒక పాఠమైంది. క్లచ్ అడుగంటా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట ఉండాలి. పాతకాలంలో 10, 2 అనేవారు. ఇప్పుడు స్టీరింగ్‌లోంచి ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే పైన ఉన్న చేతులు మొహానికి కొట్టుకునే ప్రమాదం ఉందని చెప్పాడు. పక్క అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది, అందులో బండి ఉన్నదానికంటే దూరంగా కనబడుతుంది. ఒక బైకు వెనకనుంచి వస్తుంటే, "అద్దంలో ఉన్నంతసేపు ఉందని చెప్పండమ్మా" అన్నాడు. ఉంది, ఉంది అంటూనే ఉన్నాను, మాయమైంది. "ఇప్పుడు తల తిప్పి చూడండి." కారు వెనక తలుపు పక్కనే ఉంది.

ఆ తర్వాత తన కాళ్లు వెనక్కి లాక్కుని మ్యాట్ మీద ఆనించాడు. "నా కాళ్లు ఇవిగోనమ్మా. అవసరం పడితే వేస్తాను, వేస్తే చెప్తాను."

కారు ఒక్క ఊపు ఊపి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆగింది. ఆయన ఏమీ అనలేదు. "ఎందుకు ఆగిందంటారు?" అని నన్నే అడిగాడు. నాకు ఈ మనిషి నచ్చడం అక్కడ మొదలైంది. క్లాసులో "అర్థమైందా?" అంటే పిల్లలంతా అయిందనే అంటారు, అది అడగడం నేను మానేసి చాలాకాలమైంది. క్లచ్ తొందరగా వదిలానేమో అన్నాను. "తొందరగా వదిలితే ఏమవుతుంది?" తెలీదు. అప్పుడు చెప్పాడు. కారు నిలబడి ఉన్నా ఇంజిన్ నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతూనే ఉంటుంది, చక్రాలేమో కదలకుండా ఉంటాయి. ఆ రెంటినీ ఒక్కసారిగా కలిపితే నిలబడ్డదే గెలుస్తుంది, తిరిగేది చచ్చిపోతుంది. రాసుకుంటూ రాసుకుంటూ కలవనివ్వడమే హాఫ్ క్లచ్. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నాడు. ఇంజిన్ గొంతు ఎక్కడ దిగుతుందో విని అక్కడ పాదం ఆపమన్నాడు. ఆపాను. బానెట్ రవ్వంత పైకి లేచినట్టయి, కారు దానంతటదే పాక్కుంటూ బయల్దేరింది. నా ఎడమ పాదం వణుకుతూనే ఉంది, కానీ ఆ కదిలించింది నేనే.

తిరిగి వచ్చేటప్పుడు ఉన్నట్టుండి కారు ఆగింది. "ఇది నేను వేశాను. ఎందుకో చెప్పండి." రోడ్డు వారన ఆగి ఉన్న కార్లు తప్ప నాకేమీ కనబడలేదు. "మూడో కారులో డ్రైవరు సీట్లో తల ఉంది. తల ఉందంటే తలుపు తెరుచుకోవచ్చు." తలుపు తెరుచుకోలేదు, ఆ మనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. అయినా ఆ తర్వాత ఆగి ఉన్న ప్రతి కారులోనూ తల కోసం వెతుకుతూనే వచ్చాను.

పెద్దవయసులో నేర్చుకునేవాళ్లకి నెమ్మది తప్ప ఇంకేమీ అక్కర్లేదనుకుంటారు జనం. మెత్తగా మాట్లాడితే చాలంటారు. అరిచేవాళ్లు వద్దన్నది సరే. కానీ పద్దెనిమిదేళ్లవాడు ఎందుకని అడక్కుండా చేసేసే పని నాకు కారణం తెలిస్తే గానీ చేతుల్లోకి రాదు. భయం కూడా అంతే. ఏమవుతుందో తెలియక భయం, తెలిశాక జాగ్రత్త.

సాయంత్రం మావారు లెక్క అడిగారు. "ఒకటిన్నర రెట్లు అంటే ఎక్కువ కాదూ?" కాగితం మీద వేసి చూపించాను. కుర్రవాడి గంటలో నాకు దక్కేది 20 నిమిషాలు. పెద్దాయన గంటలో, మాటలూ సీటు సర్దడాలూ తీసేసినా 45 నిమిషాలు. నిమిషం లెక్కన ఎక్కువ ఇస్తున్నది కుర్రవాడికే. ఆ 20 నిమిషాల్లో మళ్లీ క్లచ్ అతనిది. ఇంకో సంగతి, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేయాలో రాసిస్తానన్నాడు పెద్దాయన, నిబంధనలు ఒప్పుకుంటే లైసెన్సున్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని. అలా చేస్తే కొనాల్సిన క్లాసులే తగ్గుతాయి. పక్కన కూర్చునేది మావారే కాబట్టి, నేర్పడానికి ప్రయత్నించకూడదని ఇప్పుడే మాట తీసుకున్నాను.

కుర్రవాడు పది రోజుల్లో మొత్తం పూర్తి చేసేస్తానన్నాడు. అదీ నాకు ఎక్కలేదు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ తన జ్ఞాపకశక్తి మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు అచ్చువేయించాడని టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్నాం. ఒకేసారి కూరినదానికంటే ఎడం ఇచ్చి తిరగేసిందే ఎక్కువ నిలుస్తుందని అప్పుడే తేల్చాడు. అర్థం లేని అక్షరాల మీద చేసిన ప్రయోగమే అయినా, ఎక్కాలు నేర్పేటప్పుడు నా కళ్లతో నేను చూసింది కూడా అదే. వారానికి రెండు క్లాసులు చాలనుకున్నాను.

మా కారు ఆటోమేటిక్ అయ్యుంటే ఈ క్లచ్ గొడవే ఉండేది కాదని మా ఆడపడుచు ఫోన్లో అంది. నిజమే. ఇంట్లో ఆటోమేటిక్ ఉన్నవాళ్లు దాని మీదే నేర్చుకుంటే డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ సుఖం. కొన్ని దేశాల్లో మాత్రం ఆటోమేటిక్ మీద పాసైతే గేర్ల బండి నడపనివ్వరు, అది కనుక్కోవాలి.

పెద్దాయనకి ఫోన్ చేసి, మొత్తం ప్యాకేజీ కట్టను, ముందు ఓ నాలుగు క్లాసులకి కడతాను, అవి అయ్యాక చూద్దాం అన్నాను. మొహమాటపడుతూనే అడిగాను. ఆయన మాత్రం "అదే మంచిదమ్మా, అప్పటికి ఇంకెన్ని కావాలో నాకూ తెలుస్తుంది" అన్నాడు. మంగళవారం సాయంత్రం మొదలు. వెనక పట్టీ లేని చెప్పులతో రావద్దట, జారి పెడల్ కింద ఇరుక్కుంటాయట. అటక మీద నా పాత కాన్వాస్ బూట్లు ఉండాలి, రేపు దింపించాలి.