ఎవరింటి దుమ్మో

పెళ్ళయిన రెండో ఏడు, 2022 ఆగస్టులో, మేమిద్దరం రెండు వారాలు సెలవు పెట్టి ఒహాయోలోని కొలంబస్ నుంచి అరిజోనా వెళ్ళాము. అక్కడ మాకు చూడవలసిన చోట్లకన్నా చూడవలసిన మనుషులే ఎక్కువ. ఫీనిక్స్‌కు ఆగ్నేయాన క్వీన్ క్రీక్‌లో మా పెద్దమ్మ కూతురూ బావగారూ కొత్త ఇల్లు కొనుక్కున్నారు. ఉద్యోగ విరమణ చేసిన మా మేనమామ, అత్తయ్య టూసాన్‌లో స్థిరపడ్డారు. మా పెళ్ళికి రాలేకపోయామన్న నొచ్చుకోలు వాళ్ళందరికీ ఉంది కనుక ఆ రెండు వారాలూ మాకు అక్షరాలా అల్లుడి మర్యాదలే జరిగాయి. మధ్యలో గ్రాండ్ కేనియన్‌కూ వెళ్ళి వచ్చాము కానీ, నేను చెప్పబోయే విషయంలో దానికి పాత్ర లేదు.

పాత్ర ఉన్నవి మూడు. మొదటిది, అక్కావాళ్ళ వీధి చివర కొత్త ఇళ్ళ కోసం నేలను చదును చేస్తుంటే, ఎండ ముదరకముందే ఆ అంచునే అక్కా నేనూ రోజూ చేసిన నడక. రెండవది, టూసాన్‌లో మామయ్య పెరట్లో కరివేపాకు మొక్క నాటడానికి నేను పట్టుబట్టి తవ్విన గొయ్యి. అక్కడి నేల పైన పొడిపొడిగా ఉండి, జానెడు లోతుకు వెళ్ళేసరికి కలీచీ అనే సున్నపు పొర తగిలి గునపం ఖంగుమంటుంది. మామయ్య వద్దంటున్నా నేను మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో మట్టిని ఎత్తి పోశాను. మూడవది, టూసాన్ నుంచి తిరిగి వస్తుండగా పికాచో శిఖరం దాటాక మా కారును కమ్మేసిన దుమ్ము తుఫాను. వాళ్ళు దాన్ని హబూబ్ అంటారు. ఎదురుగా ఆకాశం ఎత్తున ఒక గోధుమరంగు గోడ లేచి వస్తుంటే, బావగారు ముందే చెప్పి ఉంచినట్టు మా ఆయన కారును రోడ్డు దించి, దీపాలన్నీ ఆర్పి, బ్రేకు మీద నుంచి కాలు తీసేశాడు. దీపాలు వెలుగుతుంటే వెనుక వచ్చేవాడు అదే రోడ్డనుకుని మన మీదికే వస్తాడట. పావుగంట తరువాత దిగి, అద్దం మీది దుమ్మును నేను నా చున్నీతోనే తుడిచాను.

కొలంబస్‌కు తిరిగి వచ్చిన తొమ్మిదో రోజున జ్వరం మొదలైంది. పొడిదగ్గు, తలనొప్పి, ఊపిరి పీల్చితే కుడి పక్కన పోటు. కోవిడ్ కాదని, ఫ్లూ కాదని తేలింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగాన తెల్లని మచ్చ కనిపించడంతో న్యుమోనియా అని చెప్పి ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. మరొకటి పది రోజులు ఇచ్చారు. అదీ పనిచేయలేదు సరికదా, రాత్రిళ్ళు చెమటతో దుప్పటి తడిసి, తెల్లవారుజామున మా ఆయన దాన్ని మార్చవలసి వచ్చేది. మోకాళ్ళు, చీలమండలు పట్టేసేవి. రెండు కాళ్ళ ముందు భాగాన ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పితో గడ్డలు లేచాయి. అన్నిటికన్నా ఎక్కువగా నన్ను భయపెట్టినది నిస్సత్తువ. స్నానానికి వెళ్ళి జుట్టు తడుపుకున్నాక, షాంపూ రుద్దుకోవడానికి చేతులు లేవక, అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయిన రోజు నాకింకా గుర్తుంది.

ఇండియాలో పుట్టినదాన్ని కనుక క్షయ అనుమానం వచ్చింది. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల చర్మపరీక్ష తప్పుదోవ పట్టించవచ్చునని రక్తపరీక్షే చేశారు. లేదని తేలేలోపు ఆ మూడు రోజులూ నరసరావుపేటలో మా అమ్మ అన్నం సరిగా తినలేదు. ఆమె బయలుదేరి రావడానికి వీసా లేదు. అప్పట్లో సందర్శక వీసా ఇంటర్వ్యూకు ఏడాదికి పైగానే ఎదురుచూడవలసి వచ్చేది. ఫోనులో మిరియాల చారు ఎలా కాచాలో మా ఆయనకు చెప్పడం తప్ప ఆమె చేయగలిగింది లేకపోయింది. దిష్టి తగిలిందని మాత్రం ఆమె గట్టి నమ్మకం. అది ఏ పరీక్షలోనూ తేలేది కాదు.

ప్రతి ఆసుపత్రిలోనూ ఒక కాగితం ఇచ్చి, ఈ మధ్య విదేశాలకు వెళ్ళారా అని అడిగేవారు. దేశం దాటలేదు కనుక నేను ప్రతిసారీ లేదనే రాశాను.

అసలు సంగతి బయటపడింది అక్క ఫోనులో. కాళ్ళ మీది గడ్డల ఫోటో పంపిన ఐదు నిమిషాలకే ఆమె ఫోను చేసింది.

"ఏమే, అరిజోనా వచ్చి వెళ్ళావని డాక్టరుకు చెప్పావా?"

"ఎందుకు చెబుతానే?"

"మా టామీకి కూడా ఇలాగే దగ్గు వచ్చి, చిక్కిపోయాడు. వ్యాలీ ఫీవర్. రేపే వెళ్ళి ఆ పరీక్ష చేయమను."

టామీ వాళ్ళ కుక్క. అక్కడి పశువైద్యులు దగ్గుతున్న కుక్కను చూడగానే ఈ పరీక్ష చేస్తారట. టామీ రోగం మూడు రోజుల్లో తేలింది, నాది ఆరు వారాలకు.

ఈ వ్యాధికి పేరు కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయ వల్ల వచ్చింది కానీ, అమెరికాలో నమోదయ్యే కేసుల్లో ఎక్కువ భాగం అరిజోనావే. కాక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రం అక్కడి ఎడారి మట్టిలో వాన పడినప్పుడు పెరిగి, ఎండినప్పుడు తునకలై, ఆ సిద్ధబీజాలు దుమ్ముతో కలిసి గాలిలోకి లేస్తాయి. పీల్చినవారిలో నూటికి అరవైమందికి ఏమీ కాదు. మిగిలినవారికి ఒకటి నుంచి మూడు వారాల్లో లక్షణాలు కనిపిస్తాయి. మనిషి నుంచి మనిషికి అంటదు. కీళ్ళ నొప్పుల వల్ల దీనికి ఎడారి వాతం అని కూడా పాతపేరు ఉంది. అక్క చెప్పిన మాటను నేను బిడియపడుతూనే ఊపిరితిత్తుల వైద్యురాలి ముందు పెడితే, ఆమె కలం కింద పెట్టి, ఒహాయో నదీలోయకు కూడా హిస్టోప్లాస్మా అనే తన సొంత ఫంగస్ ఉన్నదని, తాము దాన్నే వెతుకుతామని చెప్పి, అప్పటికప్పుడే రక్తం తీయించింది. ఈ శిలీంధ్రాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రెండు రకాలూ కనిపించాయి. అవి ఎంత ఉన్నాయో కొలిచే పరీక్షలో 1:16 వచ్చింది.

చాలామందికి మందు లేకుండానే తగ్గిపోతుందట. ఆరు వారాలైనా జ్వరం వదలకపోవడం, ఏడు కిలోలు తగ్గడం చూసి నాకు మాత్రం రోజుకు 400 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ మొదలుపెట్టారు. టామీదీ అదే మందు. రోజూ రాత్రి ఎనిమిదింటికి అక్క వాడికి మాత్రను జున్నుముక్కలో దాచి పెడుతూ వీడియోలో నాకు చూపించేది, ఇక్కడ నేను మంచినీళ్ళతో మింగేదాన్ని. పెదవులు ఎండి పగిలాయి, జుట్టు దువ్వెన నిండా వచ్చేది. ఈ మందు వాడుతున్నంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలని వైద్యురాలు చెప్పినప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ ఏడాది మేము అనుకున్నది అదే మరి.

ఈలోగా నేరం ఎవరిదన్న పంచాయతీ మొదలైంది. నన్ను నడకకు తీసుకువెళ్ళినందుకు అక్క, గొయ్యి తవ్వనిచ్చినందుకు మామయ్య, కారు దిగనిచ్చినందుకు మా ఆయన, ఎవరికి వారు తమదేనని పట్టుబట్టారు. ఏ దుమ్మో తేల్చే దారి లేదని వైద్యురాలు చెప్పినా ఎవరూ వినలేదు. అక్క డిసెంబరులో వచ్చి పది రోజులుండి, గిన్నెల దగ్గరకు కూడా నన్ను రానివ్వలేదు. మామయ్య మాత్రం ఫోనులో ఎక్కువ మాట్లాడేవారు కాదు. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి, అత్తయ్యకు ఇచ్చేసేవారు.

జనవరికి పరీక్ష 1:4కు దిగింది. ఏప్రిల్‌లో మందు ఆపారు. మేడమెట్లు ఆగకుండా ఎక్కడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

2024 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాము. ఒకసారి వచ్చి తగ్గినవారికి సాధారణంగా మళ్ళీ రాదని వైద్యురాలు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. టూసాన్‌లో కారు దిగేసరికి పెరటి గేటు నుంచి కరివేపాకు మొక్క దాకా నేలంతా తడిసి ఉంది. పళ్ళు తోముకునేటప్పుడు కొళాయి వదిలేస్తే కేకలు వేసే మామయ్య, గొట్టం చుట్టి గోడకు తగిలిస్తూ, "నడు, జారుతుంది, చూసుకుని నడు" అన్నారు.