చందమామలో పేరు లేని రచయిత

మా తరానికి కొడవటిగంటి కుటుంబరావు రెండుసార్లు పరిచయమయ్యారు. మొదటిసారి ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు.

1960లలో తెనాలిలోని మన బడికి నెలనెలా పిల్లల పత్రిక చందమామ వచ్చేది. సంపాదకుడుగా చక్రపాణి పేరు ఉండేది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దింది కుటుంబరావని, రామాయణ భారతాలను పిల్లల కోసం తిరిగి చెప్పింది ఆయనేనని, ఎవరెవరో పంపిన కథలను కూడా ఆయనే తిరగరాసేవారని మాకేం తెలుసు? ఇద్దరూ మన తెనాలి వాళ్లేనన్న సంగతి కూడా తెలియదు.

శనివారం ఆఖరి పీరియడ్‌లో తెలుగు మాస్టారు బేతాళ కథ చదివేవారు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు బెదిరించే చోట టక్కున పత్రిక మూసేసి, "ఊఁ, చెప్పండర్రా!" అనేవారు. త్యాగం ఎవరిది గొప్ప, తప్పు రాజుదా మంత్రిదా అని క్లాసు రెండుగా చీలిపోయేది. విక్రమార్కుడి తీర్పు సోమవారం గానీ బయటికి వచ్చేది కాదు. ఆ తీర్పుతో ఒప్పుకోని వాళ్లు కూడా ఉండేవారు, వాళ్లంటే మాస్టారికి ఇంకా ఇష్టం. అసలు బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కూడా కొత్త కథలతో శవం చెట్టెక్కుతూనే ఉంది.

ఆ వచనంలో విశేషణాలు తక్కువ. రాజుకు కోపం వస్తే "రాజుకు కోపం వచ్చింది" అని ఉంటుంది, అంతే. కళ్లు నిప్పులు కురవవు. పిల్లలు కదా అని ముద్దుమాటలు లేవు, నీతి కోసం కథను ఆపడం లేదు. మాస్టారు మా వ్యాసాల్లో అనవసరమైన మాటలు కొట్టేస్తూ "చందమామ చూసి నేర్చుకోండి" అనడం ఊరికే కాదు.

ఎస్సెల్సీ పరీక్షలయ్యాక ఆయనే 'చదువు' నవల చేతికిచ్చి, "ఇదీ ఆ చందమామ ఆయన రాసిందే" అన్నారు. మాంత్రికులు లేకపోయినా సాహసాలైనా ఉంటాయనుకున్నాను. సుందరం అనే కుర్రవాడు పెరుగుతాడు, చదువుతాడు. చుట్టూ సహాయ నిరాకరణ, ఆ తర్వాత ఆర్థిక మాంద్యం. చదివిన చదువుకూ బతుకుకూ లంకె కుదరదు. 1909లో తెనాలిలో పుట్టిన రచయిత కథ కూడా దీనికి దగ్గరే. 1925 దాకా ఇక్కడే బడి, తర్వాత గుంటూరు, విజయనగరంలో ఫిజిక్స్, బెనారస్‌లో ఎమ్మెస్సీ. మాంద్యం దెబ్బకు అది మధ్యలోనే ఆగింది.

నన్ను ఆశ్చర్యపరిచింది కథ కాదు, వాక్యం. పెద్దల నవలలోనూ అదే వాక్యం! రాజకుమారుడి ప్రయాణం చెప్పిన తీరులోనే సుందరం నిరుద్యోగమూ చెప్పారు. పిల్లలకు ఒక భాష, పెద్దలకు ఒక భాష ఆయన దగ్గర లేవు. రాక్షసుల కథలు దిద్దుతూనే సైన్సు మీద, సినిమా మీద వ్యాసాలు రాశారు, 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. హేతువాది దయ్యాల కథలు అచ్చు వేయడమేమిటని కొందరు దెప్పుతారు. దయ్యం కథ విన్నంత మాత్రాన పిల్లలు మూఢులైపోరు. ప్రశ్న అడగడం మానిపించే చదువే ఆ పని చేస్తుంది. 'చదువు' చదివినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

తర్వాత 'అనుభవం', 'ఎండమావులు' చదివాను. నాకు మాత్రం 'చదువు' తర్వాతే ఏదైనా. మధ్యతరగతి ఇంట్లో డబ్బు మనుషుల మధ్య ఎలా తిరుగుతుందో ఆయనంత నిబ్బరంగా చూపినవారు తెలుగులో తక్కువ. కొన్నిచోట్ల ఆ నిబ్బరం మరీ పొడిగా అనిపిస్తుంది, నిజమే. కన్నీళ్లు కోరుకునేవారికి ఆయన సరిపడరు.

విరసం ప్రచురించిన ఆయన సాహిత్య సంపుటాలు మన బడి గ్రంథాలయానికి ఇవ్వాలని మా బ్యాచ్ వాళ్లం అనుకున్నాం. వాటితోపాటు 'చదువు' విడిగా మరో రెండు ప్రతులు కూడా ఇస్తున్నాం, ఒకటి ఉపాధ్యాయుల గదికి.